చెరువే కదా అనుకోకండి: రిజర్వాయర్ల మీద పనిచేసేవాళ్లు మునిగిపోకుండా ఏం చేయాలి

విశాఖలో నీళ్ల ప్రమాదం అనగానే అందరికీ గుర్తొచ్చేది సముద్రమే. ఆర్కే బీచ్, యారాడ, రుషికొండ. అక్కడ హెచ్చరిక బోర్డులు ఉంటాయి, లైఫ్‌గార్డులు ఉంటారు, ఎవరైనా అలకి కొట్టుకుపోతే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ముడసర్లోవలో, మేఘాద్రిగెడ్డలో, కణితిలో, అటు తాటిపూడి, రైవాడ రిజర్వాయర్లలో రోజూ పనికోసం నీళ్ల మీదకి వెళ్లేవాళ్ల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. గుర్రపుడెక్క తీసేవాళ్లు, నీటి శాంపిల్స్ పట్టేవాళ్లు, తూముల దగ్గర గేట్లు చూసుకునే లస్కర్లు, పంప్‌హౌస్ వాళ్లు, చేపల వలలు వేసేవాళ్లు, ఇప్పుడు కొత్తగా నీటి మీద సోలార్ పలకలు కడిగేవాళ్లు. వీళ్లెవరూ ఈత కొట్టడానికి వెళ్లరు, పని చేసుకోవడానికి వెళ్తారు. అందుకే నీళ్లలో పడతామన్న ఆలోచనే ఉండదు.

నాకూ ఉండేది కాదు. చాలా ఏళ్ల కింద ఒక కాంట్రాక్టరు దగ్గర శాంపిల్స్ తీసే పనిలో ఉన్నప్పుడు నాతో ఒక కుర్రాడు వచ్చేవాడు, మత్స్యకారుల ఇంటి పిల్లాడు, చేపలా ఈదేవాడు. జాకెట్టు వేసుకోరా అంటే "ఏటి సార్, సముద్రంలో పెరిగినోణ్ని, ఈ చెరువు నాకేటి లెక్క" అన్నాడు. జాకెట్టు పడవలో పలక కింద ఉంది. పడవలోంచి గట్టు మెట్టు మీదకి కాలు పెడుతుంటే పడవ వెనక్కి జారింది, మధ్యలో పడ్డాడు. నేను సీసాల మీద నంబర్లు రాస్తున్నాను. అరుపు లేదు, పెద్ద చప్పుడు కూడా లేదు. తిరిగి చూస్తే టోపీ ఒక్కటే తేలుతోంది. పడేటప్పుడు తల మెట్టుకి తగిలిందని తర్వాత తెలిసింది. ఒకసారి పైకొచ్చినప్పుడు చొక్కా దొరకబట్టి లాగాను, బతికాడు. ఆ రోజు చేతికి చొక్కా దొరక్కపోతే అన్న ఆలోచన ఇప్పటికీ నిద్రలో వస్తుంది.

అప్పటినుంచి ఏ పనికి వెళ్లినా మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇతను ఇప్పుడు నీళ్లలో పడితే ఎవరు చూస్తారు? దేనితో పైకి లాగుతారు? ఎంతసేపట్లో? ఈ మూడింటికీ జవాబు లేకపోతే పని మొదలుపెట్టను. కింద రాసినదంతా ఈ మూడు ప్రశ్నలకి జవాబు సిద్ధం చేసుకోవడమే.

1. ముందు రోజే చోటు చూసి రండి

పేపర్లో రైవాడ పూర్తి నీటిమట్టం 114 మీటర్లు, తాటిపూడిది 297 అడుగులు అని చదువుతుంటాం. అవి లోతులు కావు, సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తులు. మీరు నిలబడే చోట లోతెంతో ఆ అంకె చెప్పదు. రిజర్వాయర్ అంటే ఒకప్పటి గెడ్డకి (వాగుకి) అడ్డంగా కట్టిన గట్టు, కాబట్టి పాత గెడ్డ దారి ఇంకా అడుగున ఉంటుంది. మోకాలి లోతులో నాలుగడుగులు వేసి ఐదో అడుగుకి నిలువు లోతు వచ్చేది అక్కడే. చెరువుల్లో అయితే మట్టి కోసం జేసీబీతో తవ్విన గోతులు ఉంటాయి, నీళ్లు నిండాక పైకి ఏమీ కనిపించవు. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి వెళ్లాక బయటపడే ఒండ్రు ఇంకో రకం. పైన ఎండి బీటలు వారి గట్టి నేలలా ఉంటుంది, కింద మెత్తటి బురద, తొడల దాకా దిగిపోతారు. పొడవాటి గెడ (వెదురు కర్ర) ఒకటి పట్టుకెళ్లి, ముందు గెడ దించి తర్వాత కాలు వేయండి.

తూములు, గేట్లు, పంపులు నీళ్లు పీల్చుకునే ఇన్‌టేక్ ఉన్నచోట పైన నీళ్లు కదలనట్టే ఉంటాయి, లోపల లాగుడు ఉంటుంది. ఆ లాగుడుకి కాలో చెయ్యో కడ్డీలకి అంటుకుపోతే నలుగురు మనుషులు కలిసి లాగినా ఊడదు, గేటు మూస్తేనో పంపు ఆపితేనో తప్ప. అందుకని అక్కడ పని ఉంటే పంప్‌హౌస్‌కి ఫోన్ చేసి చెప్పడం చాలదు. స్విచ్ ఆపించి, తాళం వేయించి, తాళంచెవి మీ జేబులో పెట్టుకుని దిగండి. షిఫ్టు మారి కొత్తగా వచ్చినవాడికి మీరు లోపల ఉన్నారని తెలియదు.

గట్టు రాళ్ల మీద పాచి చూడండి. ఇంకో ముఖ్యమైన సంగతి, పడితే పైకి ఎక్కే దారి ఎక్కడుందో చూడండి. కాంక్రీటు వాలు మీద తడి చేతులతో పట్టు దొరకదు, ఈత వచ్చినవాళ్లు ఒడ్డు పక్కనే పాకి పాకి అలసిపోతారు. మెట్లు గానీ ఇనుప నిచ్చెన గానీ లేకపోతే ముడులు వేసిన తాడొకటి గట్టు మీద గట్టిగా కట్టి నీళ్లలోకి వేలాడదీయండి. ఐదు నిమిషాల పని.

చివరగా, గట్టు దాకా అంబులెన్స్ వస్తుందా? చాలాచోట్ల దారికి అడ్డంగా గేటు, దానికి తాళం, ఆ తాళంచెవి ఎవరింట్లోనో ఉంటుంది. పని జరుగుతున్నంతసేపూ ఆ గేటు తీసి ఉండాలి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ నిలబడితే వస్తుందో కూడా అప్పుడే చూసుకోండి.

2. జాకెట్టు ఒంటి మీద ఉండాలి

పడవలో ఉన్న జాకెట్టు జాకెట్టు కాదు. పడ్డాక నీళ్లలో తొడుక్కోవడం శిక్షణ ఉన్నవాళ్లకే కష్టం. గట్టు దిగేముందే వేసుకోవాలి, మళ్లీ గట్టెక్కి నాలుగడుగులు లోపలికి వచ్చాకే విప్పాలి.

సముద్రం అలవాటున్నవాళ్లు ప్రత్యేకంగా ఒకటి తెలుసుకోవాలి. లీటరు సముద్రపు నీళ్లు దాదాపు 1,025 గ్రాములు తూగుతాయి, మంచినీళ్లు 1,000 గ్రాములు. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ 70 కిలోల మనిషిని చెరువు నీళ్లు సముద్రం కంటే కిలోన్నర పైచిలుకు తక్కువగా పైకి తోస్తాయి. ముక్కు నీటి పైన ఉండటానికీ కింద ఉండటానికీ ఆ కిలోన్నర చాలు. భీమిలి దగ్గర హాయిగా వెల్లకిలా తేలినవాడు ఇక్కడ అదే తీరుగా పడుకుంటే కాళ్లు, నడుము కిందకి దిగిపోతాయి. అలల ఉప్పునీళ్లలో నేర్చిన ఈత పనికిరాదని కాదు, దాని మీద ఉన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

జాకెట్టు కొనేటప్పుడు లోపలి చీటీ చదవండి. 50 న్యూటన్లు అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లకి తేలడానికి సాయం మాత్రమే, స్పృహ తప్పినవాణ్ని వెల్లకిలా తిప్పదు. 100 న్యూటన్లు అంటే సుమారు 10 కిలోల తేలింపు, మెడ వెనక కాలర్ ఉంటుంది, మన చెరువు పనులకి కనీసం అది కావాలి. నడుముకి పనిముట్లు కట్టుకునేవాళ్లకి, బరువైన బట్టలు వేసుకునేవాళ్లకి 150. నారింజ రంగుది, ఈల కట్టి ఉన్నది తీసుకోండి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీని చాలామంది ఇబ్బందిగా ఉందని వదిలేస్తారు. అది బిగించకపోతే నీళ్లలో జాకెట్టు పైకి లేచి మొహానికి అడ్డం వస్తుంది, మనిషి కిందకి జారిపోతాడు. వేసుకున్నాక పక్కవాణ్ని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్టే, మళ్లీ బిగించండి.

జాకెట్ల మీద కూర్చోకండి, తలకింద పెట్టుకుని పడుకోకండి. లోపలి ఫోమ్ నలిగిపోతే తేలింపు పోతుంది, పైకి చూడటానికి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. ఏడాదికోసారి నడుము లోతులో వేసుకుని నిలబడి కాళ్లెత్తి చూడండి, తెలిసిపోతుంది.

మే నెల ఎండలో జాకెట్టు వేసుకుని పని చేయడం నరకమే, నేను కాదనను. దానికి మార్గం జాకెట్టు విప్పడం కాదు, పని వేళ మార్చడం. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకి ఆపేయండి. ఇంజనీరు గారు ఒప్పుకోకపోతే కళ్లు తిరిగి పడినవాడి సంగతి ఎవరు చూస్తారని అడగండి. మర్యాదగానే, కానీ అడగండి.

2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగాక పర్యాటక పడవల్లో జాకెట్ల గురించి గట్టిగా పట్టించుకోవడం మొదలైంది. పనివాళ్ల పడవ గురించి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. కానీ 1998 నాటి నిర్మాణ కార్మికుల కేంద్ర నియమాల్లోనే, పనివాళ్లు నీళ్లలో పడే ప్రమాదం ఉన్నచోట మునిగిపోకుండా కాపాడే సామాను, పైకి తీసే ఏర్పాటు యజమానే చేయాలని రాశారు. జాకెట్టు అడగడం అంటే ఎవరినో దానం అడగడం కాదు.

3. తాడు, తేలేది ఏదో ఒకటి, ఒడ్డున ఒక మనిషి

నైలాన్ తాడు మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది. పూర్ణా మార్కెట్‌లోనో హార్బర్ దగ్గర వలల సామాను అమ్మే కొట్లలోనో అడిగి, చిన్న ముక్క బకెట్లో వేసి చూసి తీసుకోండి. వేలు మందాన 20 మీటర్లు చాలు. చివర ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా కట్టండి, మూత గట్టిగా బిగించి, లోపల గ్లాసుడు నీళ్లు పోయండి. పూర్తి ఖాళీ డబ్బా గాలికి పక్కకి పోతుంది, కాస్త బరువుంటే విసిరినచోట పడుతుంది. రింగులాంటి లైఫ్‌బాయ్ కొనగలిగితే మరీ మంచిది, కొనలేదని ఊరికే ఉండొద్దు.

విసరడం ప్రాక్టీస్ చేయాలి. మొదటిసారి ఎవరు విసిరినా తాడు చిక్కుపడి కాళ్ల దగ్గరే పడుతుంది. ఒక చివర మీ చేతిలో గట్టిగా ఉంచుకుని, చెయ్యి కింది నుంచి ఊపి, మనిషి మీదకి కాకుండా అతని తల దాటి అవతల పడేలా విసిరి, ఆ తాడు అతని భుజం మీదకి వచ్చేలా లాక్కోవాలి.

ఒడ్డున ఉండే మనిషికి వేరే పని ఇవ్వకండి. ఫోన్ చూసుకోవడం, టీ తేవడం, సామాను లెక్క రాయడం ఏదీ వద్దు. నీళ్ల మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటూ చూస్తూ ఉండటమే అతని డ్యూటీ. దీనికి కూలి దండగ అనే సూపర్‌వైజర్లు ఉంటారు. నా అనుభవంలో మొత్తం సామాను కంటే ఈ ఒక్క మనిషే ఎక్కువ పనికొస్తాడు. ఇద్దరే ఉంటే ఒకరు నీళ్ల మీద, ఒకరు ఒడ్డున. ఒక్కరే ఉంటే ఆ రోజు నీళ్ల మీదకి వెళ్లొద్దు.

4. పడవ, సోలార్ పలకలు

నడిమధ్యలో కంటే పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పడేవాళ్లనే నేను ఎక్కువ చూశాను. ముందు ఒకరు పడవని గట్టుకి ఆనించి పట్టుకోవాలి. సామాను చేతిలో పట్టుకుని ఎక్కొద్దు, మనిషి ఎక్కాక అందించాలి. అంచు మీద కాకుండా మధ్యలో కాలు వేసి వెంటనే కూర్చోండి. కొండకర్ల ఆవలో (సరస్సులో) తిరిగే తాటి దోనెల్లాంటివాటిలో అయితే నిలబడటం అన్న మాటే వద్దు. పడవ అంచుకీ నీటికీ మధ్య జానెడు కూడా లేకపోతే బరువు ఎక్కువైనట్టు, ఒకరు దిగండి. తడిసిన గుర్రపుడెక్క ఎంత బరువుంటుందో లాగినవాళ్లకి తెలుసు, అది పడవలో కుప్ప వేసే బదులు తాడు కట్టి నీళ్ల మీదే ఒడ్డుకి లాగండి.

లుంగీ, చీర కొంగు నీళ్లలో కాళ్లకి చుట్టుకుంటాయి. గమ్‌బూట్లలో నీళ్లు నిండితే కాళ్లాడించడం, గట్టెక్కడం రెండూ కష్టం. పొట్టి ప్యాంటు, సులువుగా ఊడిపోయే బూట్లు మేలు.

నీటి మీద తేలే సోలార్ ప్లాంటు ముడసర్లోవలో 2 మెగావాట్లది ఉంది, మేఘాద్రిగెడ్డలో ఉంది, సింహాద్రి ఎన్‌టీపీసీ రిజర్వాయర్‌లో 2021లో 25 మెగావాట్లది వచ్చింది. ఈ తేలే పలకల మధ్య నడిచే దారి సన్నగా ఉంటుంది, అడుగు వేస్తే ఊగుతుంది, పక్షుల రెట్ట మీద జారుతుంది. ఇక్కడ రెండు సంగతులు. పలకల కిందకి పడితే పైకి వచ్చేచోట ఆకాశం ఉండదు, పలక అడ్డం ఉంటుంది, కాబట్టి పైన తాడుకి కొక్కెం తగిలించుకోకుండా అంచుల్లో పని చేయొద్దు. రెండోది కరెంటు. మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపూ పలకల్లో కరెంటు పుడుతూనే ఉంటుంది. కేబుల్ తెగి నీళ్లలో పడితే, మనిషి పడినా సరే, వెంటనే దూకొద్దు. కంట్రోల్ రూమ్‌కి చెప్పి, తడి లేని చోట నిలబడి తాడే విసరండి.

5. ఎప్పుడు ఆపేయాలి

ఉరుము వినిపిస్తే ఒడ్డుకి వచ్చేయాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఏప్రిల్, మే సాయంత్రాలు మన వైపు ఈదురుగాలి కొండల మీంచి ఉన్నట్టుండి దిగుతుంది. దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి, పిడుగులు ఎంత దూరంలో పడుతున్నాయో చూపిస్తుంది. వానల్లో గేట్లు ఎత్తుతారని తెలిస్తే గేట్లకి పైనా కిందా ఎక్కడా పని పెట్టుకోవద్దు. రాత్రి మందు తాగి వచ్చినవాణ్ని, ఫిట్స్ ఉన్నవాణ్ని, జ్వరంతో ఉన్నవాణ్ని నీళ్ల మీదకి పంపొద్దు. ఫిట్స్ సంగతి నలుగురిలో అడిగితే ఎవరూ చెప్పరు. పక్కకి పిలిచి, కూలి పోదని మాటిచ్చి, ఒడ్డు పని ఇస్తానని చెప్పి అడగండి.

6. మీరే పడితే

మొదటి నిమిషం ఈదొద్దు. ఉలికిపాటుకి ఊపిరి ఎగబీలుస్తాం, అప్పుడు నోరు నీళ్లలో ఉంటే అక్కడే అయిపోతుంది. తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో మునిగినా పర్వాలేదు, మొహం ఆకాశం వైపు పెట్టి, చేతులు పక్కకి చాపి మెల్లగా ఆడిస్తూ ఊపిరి సర్దుకోండి. పడవ తిరగబడితే దాన్నే పట్టుకుని ఉండండి, ఒడ్డు దగ్గరగా కనిపిస్తోందని వదిలి ఈదొద్దు, నీటి మీద దూరం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. నాచులోనో వలలోనో కాలు చిక్కితే తన్నుకోవద్దు, తన్నేకొద్దీ చుట్టుకుంటుంది. వెల్లకిలా ఉండి మెల్లగా వెనక్కి లాక్కోండి. చిన్న చాకు ఒకటి జాకెట్టుకి కట్టుకుంటే మంచిది.

7. పక్కవాడు పడితే

మునిగేవాడు అరవడు. సినిమాల్లో చేతులూపి కేకలు వేస్తారు గానీ నిజంగా మునిగేటప్పుడు ఊపిరికే నోరు చాలదు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున ఉంటుంది. చేతులు పక్కకి చాచి నీటిని కిందకి నొక్కుతుంటాడు, కాళ్లు ఆడవు. చూసేవాళ్లకి ఆడుకుంటున్నట్టు ఉంటుంది. ఆ స్థితిలో 20 నుంచి 60 సెకన్లు మాత్రమే పైన ఉంటాడు. పిలిస్తే పలకకపోతే మునుగుతున్నాడనే అనుకోండి.

దూకొద్దు. ఇది రాయడం సులువు, అన్నదమ్ముడు మునుగుతుంటే నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ మునిగేవాడు అందినదాన్ని కిందకి నొక్కి పైకి ఎక్కాలని చూస్తాడు, అది అన్నయ్య తల అయినా సరే. ఒకరి కోసం దిగి ఇద్దరు, ముగ్గురు పోయిన వార్తలు మనం చదివేది ఇందుకే. ముందు గట్టిగా అరిచి నలుగురిని పిలవండి. ఒకరు అతను ఉన్నచోటు వైపు వేలు చూపిస్తూ కన్ను తిప్పకుండా ఉండాలి, మునిగిపోతే వెతకాల్సింది అక్కడే. దగ్గరగా ఉంటే నేల మీద బోర్లా పడుకుని గెడ, తెడ్డు, తువ్వాలు, చీర ఏదైనా అందించండి. దూరంగా ఉంటే తాడు డబ్బా. ఇంకా దూరమైతే పడవ, జాకెట్లు వేసుకుని, అతని దగ్గరికి రాగానే ఇంజిన్ ఆపి. ఈలోగా ఒకరు 108కి, ఇంకొకరు 101కి ఫోన్ చేయాలి, ఒకరు రోడ్డు మీదకి పరుగెత్తి అంబులెన్స్‌కి దారి చూపించాలి.

8. ఒడ్డుకి తెచ్చాక

కడుపు నొక్కి నీళ్లు కక్కించొద్దు. తలకిందులుగా పట్టుకుని తిప్పొద్దు, భుజాన వేసుకుని పరుగెత్తొద్దు. మన ఊళ్లలో ఇంకా ఇవే చేస్తారు, ఆ రెండు మూడు నిమిషాలే ప్రాణం పోయే నిమిషాలు. కడుపులో నీళ్లు బయటికి వస్తూ ఊపిరితిత్తుల్లోకి పోతాయి కూడా.

వెల్లకిలా పడుకోబెట్టి భుజం తట్టి పిలవండి. పలకకపోతే నుదురు వెనక్కి, గడ్డం పైకి ఎత్తి పది సెకన్లు మించకుండా ఊపిరి చూడండి. ఎప్పుడో ఒకసారి చేపలా నోరు తెరవడం ఊపిరి కాదు. ఊపిరి లేకపోతే ముక్కు మూసి, నోటితో నోరు కలిపి ఛాతీ లేచేలా ఐదుసార్లు ఊదండి. గుండెపోటు వచ్చినవాళ్లకి ఛాతీ నొక్కడమే మొదటిపని అని చాలామంది విని ఉంటారు, మునిగినవాళ్లకి కొరత గాలిది, అందుకని ఊదడం ముందు. తర్వాత రొమ్ము మధ్యలో రెండు చేతులతో ఐదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊది, మళ్లీ 30. నురగ వస్తుంటే తుడుస్తూ కూర్చోకండి, ఊదడం ఆపకండి. వాంతి అయితే పక్కకి తిప్పి నోరు శుభ్రం చేసి కొనసాగించండి. అలసిపోతే రెండు నిమిషాలకోసారి మనిషి మారండి, అంబులెన్స్ వచ్చేవరకూ.

లేచి కూర్చుని "నాకేం కాలేదు, ఇంటికి పోతాను" అన్నా సరే కేజీహెచ్‌కో దగ్గరలోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన కొద్ది నీళ్లు కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం తెస్తాయి. మా కుర్రాడు కూడా అదే అన్నాడు. రాత్రి తొమ్మిదికి దగ్గు మొదలై, రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు.

ఇదంతా చదివి వదిలేస్తే ఆ సమయానికి గుర్తు రాదు. మూడు నెలలకోసారి పని మొదలయ్యే ముందు అరగంట కేటాయించండి. ఐక్యరాజ్యసమితి 2021లో జులై 25ని నీటమునక నివారణ దినంగా ప్రకటించింది, ఒక విడత ఆ రోజే పెట్టుకోండి. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌లో ముప్పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి చెరువులో వేసి, "పడ్డాడు!" అని అరిచి గడియారం చూడండి. తాడు దాని మీద పడటానికి ఎంతసేపు పట్టింది, ఎవరు అరిచారు, ఎవరు ఫోన్ తీశారు, గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంది. మొదటిసారి మా జట్టుకి నాలుగు నిమిషాలు పట్టింది, అందులో మూడు తాడు వెతకడానికే. ఇప్పుడు తాడు గట్టు మీద మేకుకి వేలాడుతుంది, ప్రాక్టీస్ అయ్యాక ఆరబెట్టి, చిక్కులు లేకుండా మళ్లీ అక్కడే తగిలిస్తాం.